గవరమ్మ గీసుకున్న గిరి

అనగనగా అని నేనంటాను, ఊఁ అని మీరనాలి. మీరు ఊఁ కొట్టడం మానేస్తే నేను కథ మానేస్తాను, ముందే చెబుతున్నాను.

అనగనగా సముద్రం పక్కన పగడాల రేవు అని ఒక ఊరు. పేరులో తప్ప ఆ ఊళ్ళో ఎక్కడా పగడం కనపడదు. ఉన్నవల్లా ఉప్పు కుప్పలు, ఎండుచేపలు, బట్టల మూటలు. అక్కడ గవరమ్మ అనే ఆమె బట్టలకు నీలిరంగు వేసి బతికేది. ఆమె చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. ఎంత రుద్దినా ఆ రంగు పోయేది కాదు.

గవరమ్మ పెరట్లో మెడ దాకా నేలలో పాతిన పెద్ద బాన ఒకటి ఉండేది. నీలిమందు, సున్నం, బెల్లం, ఉడికించిన తగిరిస గింజలు వేసి పులియబెట్టిన రంగునీళ్ళు అందులో ఉండేవి. తెల్లబట్టను ముంచి తీస్తే ముందు ఆకుపచ్చగా వస్తుంది. గాలి తగిలి, చూస్తుండగానే నీలమైపోతుంది. ఆ వింత చూడడానికి పిల్లలు దడి పట్టుకుని కోతుల్లా వేలాడేవాళ్ళు.

ఆ బానలో పులుపు గవరమ్మ అమ్మమ్మ నాటిది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కలపాలి. వాసన చూడాలి, నురగ చూడాలి. ఒక పూట మరిచిపోతే బాన అలుగుతుంది. అలా నాలుగు రోజులు వదిలేస్తే చచ్చిపోతుంది. చచ్చిన బానను మళ్ళీ బతికించడం బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదని గవరమ్మ అనేది.

ఒక కార్తీకంలో గాలివాన వచ్చింది. నేతగాళ్ళు రంగు వేయమని ఇచ్చిన బట్టలన్నీ పెరటి దడితో సహా సముద్రం పాలయ్యాయి. "గాలివానకు నేనేం చేసేది?" అని గవరమ్మ చేతులు దులుపుకోవచ్చు. దులుపుకోలేదు. నేతగాళ్ళ కడుపు కొట్టడం ఆమెకు చేతకాదు. ముగ్గురి దగ్గర వడ్డీకి అప్పు తెచ్చి, వాళ్ళ బట్టల ఖరీదు వాళ్ళకిచ్చింది.

ఆ ముగ్గురిలో ధాన్యం కొట్టు పేరయ్య అందరికంటే ఎక్కువ ఇచ్చాడు. నీలిమందు వర్తకుడు బంగారయ్య అందులో సగం ఇచ్చాడు. మజ్జిగ అమ్ముకునే ముసలి పుల్లమ్మ, తను పోయాక ఖర్చులకని దాచుకున్న చిన్న మూట విప్పి ఇచ్చింది. తాకట్టు లేదు, పూచీ లేదు. గవరమ్మ మాట ఒక్కటే ఆధారం.

మాట తప్పితే ఎలా అంటారా? దానికి పగడాల రేవులో ఒక ఆచారం ఉండేది. బాకీపడ్డ మనిషి గడప దాటి ఎక్కడ కనపడినా, అప్పిచ్చినవాడు బొగ్గుముక్క తీసి వాళ్ళ చుట్టూ గిరి గీయవచ్చు. ఏదో ఒకటి చెల్లించి ఒప్పించేదాకా ఆ మనిషి గీత దాటకూడదు. కొంత ముట్టితే వాకిలంత మేర గీత చెరిపి వదిలేస్తారు. అప్పు పూర్తిగా తీరిందంటే, ఇచ్చినవాడు తన కాలితో గిరి మొత్తం చెరుపుతాడు. ఆ మీదట ఆ అప్పు మాట ఎత్తడానికి లేదు. ఒకరి గిరిలో ఉన్న మనిషి చుట్టూ ఇంకొకరు గిరి గీయడానికీ లేదు. గీత దాటి పారిపోయినవాళ్ళకు ఊళ్ళో నిప్పు కూడా పుట్టదు.

గవరమ్మ కష్టపడితే ఏడాదిలో తీర్చేద్దామనుకుంది. కానీ ఆ ఏడు పడవలు సరిగ్గా రాలేదు. నీలిబట్టలు కొనేవాళ్ళు లేరు. వడ్డీ మాత్రం పడవల కోసం ఆగలేదు.

మొదట పేరయ్య బజారులో పట్టుకుని గిరి గీశాడు. ఎండలో సాయంత్రం దాకా నిలబడి, బట్టలమ్మిన డబ్బంతా అతని చేతిలో పోసి గవరమ్మ బయటపడింది. ఇంటికి వెళ్ళి చూస్తే బాన అలిగి ఉంది.

"పేరయ్యకిచ్చి నాకెందుకివ్వవు?" అంటూ మర్నాడే బంగారయ్య రేవులో గిరి గీశాడు. అతనికి ఇత్తడి బిందె ఇచ్చింది. బానలో నురగ తగ్గింది.

మూడోది పుల్లమ్మ. ముసలిదానికి బొగ్గు పట్టుకోవడం కూడా చేతకాక, చేతికర్రతో వంకరటింకరగా గీసింది. గీస్తూనే ఏడ్చింది.

"నీమీద కోపం లేదే తల్లీ. వాళ్ళిద్దరూ లాగేసుకుంటుంటే నాకేం మిగలదని భయమేసింది" అంది.

గవరమ్మ చెవులకున్న కమ్మలు తీసి ఇచ్చింది. ఇంటికి పరుగెత్తుకొచ్చేసరికి బాన కుళ్ళు కంపు కొడుతోంది. బెల్లం వేసి, వెచ్చని నీళ్ళు పోసి, పసిపిల్లను సాకినట్టు సాకితే మూడు రోజులకు ఎలాగో తేరుకుంది. ఇంకొక్క గిరి పడితే ఇక బాన దక్కదని గవరమ్మకు అర్థమైంది. బాన పోతే పని పోతుంది. పని పోతే ఆ ముగ్గురికీ చిల్లిగవ్వ రాదు. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళకిచ్చుకుంటూ పోవడమే తను చేసిన తప్పని కూడా అర్థమైంది. ఇచ్చిందంతా వడ్డీకే సరిపోయి అప్పు ఎంత ఉందో అంతే ఉంది, పోయినవి బిందె, కమ్మలు, బాన బలం.

అప్పుడు వచ్చాడండీ మాచయ్య. ఆ ఊళ్ళో ఎవరికి కష్టమొచ్చినా ముందుగా తెలిసేది మాచయ్యకే. ఉత్తరీయం సవరించుకుని, తాంబూలం నములుతూ కూర్చున్నాడు.

"ఎందుకమ్మా ఇన్ని పాట్లు? రేపు ఉప్పు పడవ పోతోంది. ఎక్కేసెయ్" అన్నాడు.

"బాన నేలలో పాతి ఉంది మాచయ్యా. దాన్ని చంకనెత్తుకుని పడవ ఎక్కలేను. పుల్లమ్మత్త మొహం తలుచుకుంటే అసలు కాళ్ళే రావు."

"పోనీ పొరుగూరి షావుకారు ఉన్నాడు. ఇల్లూ బానా తాకట్టు పెట్టు, వీళ్ళ ముగ్గురికీ పారెయ్."

"ఇప్పుడు తీర్చలేకపోతే నన్ను ఎండలో నిలబెడతారు, అంతేగా. తాకట్టు పెట్టి తీర్చలేకపోతే బానే పోతుంది. మాట మీద తెచ్చిన అప్పు కోసం ఇంటిని ఉరికంబం ఎక్కించమంటావా?"

మాచయ్య దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "అయితే అసలు సంగతి విను. ఇలాంటప్పుడు అప్పిచ్చినవాళ్ళు మొత్తం రాదని తెలిస్తే, వచ్చిన కాడికి తీసుకుని వదిలేస్తారు. నేను మాట్లాడి సగానికి ఒప్పిస్తాను. నువ్వు వాళ్ళకి కనపడకు, పలకకు. నా రుసుము మాత్రం ముందు ఇచ్చెయ్."

"వాళ్ళతో మాట్లాడావా?"

"ముందు రుసుము."

"ఒప్పించి, గీత చెరిపించి రా. రుసుము అప్పుడే చేతిలో పెడతాను."

మాచయ్యకు ఎక్కడో అర్జెంటు పని గుర్తొచ్చింది. మళ్ళీ ఆ వీధిలో కనపడితే ఒట్టు.

కానీ అతను వదిలి వెళ్ళిన మాట గవరమ్మ మనసులో ఉండిపోయింది. వచ్చిన కాడికి తీసుకుని వదిలేసేవాళ్ళైతే, అడగడానికి తనకు నోరు లేదా? అయితే అడగాలంటే ముందు చేతిలో ఏదైనా ఉండాలి. ఉండాలంటే బాన బతకాలి. బాన బతకాలంటే తను దాని పక్కనే ఉండాలి.

మర్నాడు పొద్దున్నే గవరమ్మ ఒక కుంచె నీలంలో ముంచింది. తన చుట్టూ, బాన చుట్టూ, గుడిసె చుట్టూ, పెరటి చుట్టూ తనే పెద్ద గిరి గీసుకుంది. గాలివానకు దడి కొట్టుకుపోయింది కదా, వీధిన పోయేవాళ్ళందరికీ అది కనపడుతోంది. ముగ్గురికీ కబురు పెట్టింది.

ముగ్గురూ వచ్చారు. వాళ్ళతో పాటు సగం ఊరూ వచ్చింది.

"ఈ గిరి మీ ముగ్గురిదీ" అంది గవరమ్మ. "మూడు రాళ్ళు పెట్టి మూడు భాగాలు చేశాను, ఒక్కొక్కరిది ఒక్కొక్క భాగం. మీతో మాట తేలేదాకా నేను ఈ గీత దాటను. ఇందులోనే పని చేస్తాను. వచ్చినదాంట్లో గంజికి, రంగు సరుక్కి పోను, మిగిలిందంతా ఈ ముంతలో వేస్తాను. ముంత గీత పక్కనే, మీ కళ్ళెదుటే ఉంటుంది. అది నిండేదాకా మీలో ఏ ఒక్కరికీ విడిగా రాగి రూకైనా ఇవ్వను. నిండాక ముగ్గురినీ పిలుస్తాను."

పేరయ్య భగ్గుమన్నాడు. "బాకీదారు తన గిరి తనే గీసుకోవడం ఎక్కడైనా ఉందా? ఇది ఎగవేత!"

గొడవ రేవుపెద్ద దగ్గరికి వెళ్ళింది. ఆయన వచ్చి గీత పొడుగునా నడిచి చూశాడు.

"గిరి ఎందుకయ్యా పుట్టింది? మనిషి పారిపోకుండా ఉండడానికి. ఈమె పారిపోలేదు, తనను తానే కట్టేసుకుంది. ఇందులో ఆచారానికి వచ్చిన లోటు నాకు కనపడలేదు" అన్నాడు.

అలా మొదలైంది గవరమ్మ గిరివాసం. స్నానం ఎలా, అదెలా, ఇదెలా అని అడిగే తుంటరులు మీలో ఉంటారని నాకు తెలుసు. పెరడంతా గిరిలోనే ఉందని చెప్పాను కదా, ఇక నోరు మూసుకుని వినండి.

నేతగాళ్ళు బట్టలు తెచ్చి గీత మీదుగా అందించేవాళ్ళు. కష్టకాలంలో తమ సొమ్ము ఎగ్గొట్టని మనిషని వాళ్ళకు తెలుసు, అందుకే దూరమైనా ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నీళ్ళు పోసి వెళ్ళేవాళ్ళు. గవరమ్మ పొద్దున బాన కలిపేది, సాయంత్రం బాన కలిపేది, మధ్యలో వెన్ను విరిగేలా పని చేసేది. తినేది గంజీ, ఉల్లిపాయా. డబ్బు చేతిలో పడగానే అందరూ చూస్తుండగా ముంతలో వేసేది.

సుఖంగా ఉందని మాత్రం అనుకోకండి. ఆకతాయిలు గీత మీద నిలబడి "గిరి గవరమ్మా!" అని వెక్కిరించేవాళ్ళు. అప్పులవాళ్ళు దారిన పోతూ నాలుగు మాటలు విసిరేవాళ్ళు. సొంత చెల్లెలి కూతురి పెళ్ళి ఊరేగింపు ఆ వీధినే వెళ్ళింది. పల్లకి గీత దగ్గర ఆగింది. గవరమ్మ ఇవతలి నుంచే చెయ్యి చాపి అక్షింతలు వేసింది. మేళం మలుపు తిరిగేదాకా నవ్వుతూ నిలబడి, ఆ తర్వాత బాన పక్కన కూర్చుని భోరున ఏడ్చింది.

పేరయ్య కొట్టు ఎదురుగుండానే ఉంది. అతను రోజూ బియ్యం బస్తా మీద కూర్చుని ఆమెనే కనిపెట్టి చూసేవాడు. ఎక్కడో దాస్తోందని అతని అనుమానం. ఎంత చూసినా దాచింది కనపడలేదు. తిన్నది కనపడింది, వేసింది కనపడింది. అతనికి అదో చిరాకు.

వైశాఖం వచ్చేసరికి ముంత నిండింది. గవరమ్మ ముగ్గురినీ పిలిచి, రేవుపెద్ద ఎదుట ముంతను గీత మీద పెట్టింది.

"అందరి అప్పూ కలిపి చూస్తే ఇందులో ఉన్నది సగం. ఇంతకు మించి నా వల్ల కాలేదు, మీరు చూస్తూనే ఉన్నారు. ప్రతి ఒక్కరికీ వాళ్ళిచ్చినదాంట్లో సగం. ఎక్కువ ఇచ్చినవారికి, తక్కువ ఇచ్చినవారికి ఒకటే కొలత. ఇది తీసుకుని అప్పు తీరిందని మీ కాలితో గీత చెరపండి. ముందు గీత చెరిగాకే డబ్బు చేతికి వస్తుంది. తర్వాత మాట మారడానికి ఉండకూడదు, నాకైనా మీకైనా."

బంగారయ్య లెక్కలు వేసుకున్నాడు. బాన చస్తే సున్నా. బతికితే ఈ సగం, ఆపైన రేపటి నీలిమందు బేరం. "సరే, నాకు సమ్మతం" అని తన భాగం చెరిపాడు. వాటా ఎంచి తీసుకున్నాడు.

పుల్లమ్మ ముందుకొచ్చింది. గవరమ్మ ఆవిడ చేతులు పట్టుకుంది.

"అత్తా, నీదీ సగమే ఇస్తున్నాను. నీకు ఎక్కువ ఇవ్వాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఇస్తే వాళ్ళకు అన్యాయం చేసినదాన్నవుతాను."

"నాకు తెలియదటే? నీ గంజి రోజూ చూస్తూనే ఉన్నాను" అంది పుల్లమ్మ. "నన్ను సాగనంపడానికి సగం ఖర్చు చాలు. మిగతా సగం దూరం నేనే నడిచి పోతాలే." పోగొట్టుకుంటున్నది ముగ్గురిలో ఆవిడకే ఎక్కువ బరువు. అయినా ఒణికే కాలితో తన భాగం చెరిపేసింది. గొప్పమనిషి పుల్లమ్మ. అలాంటివాళ్ళ మూలానే ఊళ్ళు నిలబడతాయి.

ఇక పేరయ్య మిగిలాడు.

"నా మిగతా సగం ఏమైనట్టు?" అన్నాడు గుడ్లురుముతూ.

"గాలివాన తీసుకుపోయింది పేరయ్య గారూ. నాదీ తీసుకుపోయింది. ఆ నష్టంలో కొంత మోయమని మిమ్మల్ని అడుగుతున్నాను. మోయాల్సిన పని మీకు లేదు, అందుకే అడుగుతున్నాను."

"మోయను! నాకు పూర్తి సొమ్ము కావాలి" అని కండువా విదిలించి, డబ్బు ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "చూస్తాను, ఎన్నాళ్ళు ఉంటుందో! మూడింట రెండు వంతుల గీత చెరిగిపోయింది. రేపు పొద్దున్నకి జంపు!" అని అందరికీ వినపడేలా అన్నాడు.

పేరయ్య అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఇప్పుడు గిరి అంటే ఒక వైపు ఉన్న గీత ముక్క, అంతే. మిగతా రెండు వైపులా దారి బార్లా తెరుచుకుని ఉంది. అటు రేవు, ఇటు బజారు. ఆపేవాళ్ళు లేరు.

గవరమ్మ మాత్రం ఉన్నచోటనే ఉంది. చెరిగిపోయిన గీత మేర ఒక్క అడుగైనా దాటలేదు. పేరయ్య వాటా ముంతలో అలాగే ఉంది. పొద్దున బాన కలిపింది. సాయంత్రం బాన కలిపింది.

పేరయ్య కొట్టులోంచి చూశాడు. మొదటిరోజు "నాటకం" అన్నాడు. రెండోరోజు బస్తా ముందుకు జరుపుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఒకనాడు పొద్దుటే గాలి తిరిగి, గవరమ్మ ఆరేసిన నేతగాళ్ళ చీర ఒకటి దండెం మీంచి ఎగిరి గీత ఉండిన చోటుకు అవతల బారెడు దూరంలో పడింది. ఆవు ఒకటి దాన్ని తొక్కబోతోంది. గవరమ్మ లేచి పరుగెత్తింది. చెరిగిన గీత దగ్గరికి వచ్చి ఠక్కున ఆగిపోయింది. "అమ్మా, ఎవరైనా ఉన్నారా, ఆ చీర అందుకోండమ్మా!" అని అక్కడినుంచే కేకలు పెట్టింది.

వీధిలో ఎవరూ లేరు. పేరయ్య ఉన్నాడు.

అతనే లేచి వచ్చాడు. ఆవును అదిలించి, చీర తీసి, దుమ్ము దులిపి ఆమెకు అందించాడు. ఇద్దరి మధ్యా నేల మీద గీత లేదు.

"ఇక్కడ ఏమీ లేదు కదమ్మా. ఎందుకాగావు?" అన్నాడు.

"మీ మాట ఇంకా తేలలేదు కదండీ" అంది గవరమ్మ.

నిండు గిరి గీసినా నిలవని మనుషులను అతను బోలెడుమందిని చూశాడు. లేని గీతకు నిలబడ్డ మనిషిని ఇదే చూడడం. పొద్దస్తమానం కాపలా కాసి తను కనిపెట్టిందేమిటయ్యా అంటే, ఈమె దగ్గర ఇంకేమీ లేదన్నది, ఉంటే ఇచ్చేదన్నది. ఆ సంగతి అతనికి ఎప్పుడో తెలుసు. ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు, అంతే.

రేవుపెద్దను పిలిపించాడు. చెప్పులు విడిచాడు. మిగిలిన గీతను ఈ చివర నుంచి ఆ చివర దాకా కాలితో చెరిపేశాడు. నీలం నేలలో ఇంకిపోయి ఉంది, తొందరగా పోలేదు, మడమతో గట్టిగా రుద్దాల్సి వచ్చింది.

"తీరిపోయిందమ్మా. నువ్వు నాకు బాకీ లేవు. ఇది నా మాట, ఊరంతా వినండి" అన్నాడు.

"మీరు వదులుకున్నదాన్ని నేను మరిచిపోను పేరయ్య గారూ" అని గవరమ్మ ముంతను రెండు చేతులా అందించింది.

ఇక బయటికి రావాలి కదా. కాలు లేవలేదు. ఆర్నెల్లు ఆగిన కాలది. పుల్లమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. అప్పుడు గవరమ్మ ఒక అడుగు వేసింది, మరో అడుగు వేసింది, మూడో అడుగుకు నవ్వు వచ్చేసింది. చూస్తున్నవాళ్ళకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందుగా చెల్లెలి కూతురి ఇంటికి వెళ్ళి, కొత్త జంటను చూసి, సాయంత్రం బాన కలిపే వేళకు తిరిగొచ్చింది.

అప్పు సగానికి తెగింది కదా అని అంతా సాఫీగా జరిగిపోయిందని చెబితే నేను అబద్ధాలకోరునవుతాను. చాలా ఏళ్ళు ఆ ఊళ్ళో గవరమ్మకు ఎవరూ చేబదులు ఇవ్వలేదు. నీలిమందు చిన్నముక్క కావాలన్నా డబ్బు ముందు పెట్టి కొనుక్కుంది. పోయిన బిందె, పోయిన కమ్మలు మళ్ళీ కొనడానికి చాలాకాలం పట్టింది. కానీ బాన బతికింది. అందులోంచి ఆకుపచ్చగా వచ్చిన బట్ట గాలి తగిలి నీలమవుతూనే ఉంది.

తీర్చలేని అప్పు మీద పడ్డప్పుడు మొహం చాటేయకుండా, ఉన్నది ఉన్నట్టు చూపించి, ఇవ్వగలిగింది అందరికీ ఒకే కొలతతో ఇచ్చి, ఒప్పందం తేలేదాకా మాట మీద నిలబడ్డవాళ్ళకు అప్పు తీరుతుంది, పరువూ దక్కుతుంది.